దూరమునుండి పియానో పాఠము

తెనాలినుండి రేపల్లెకు రైలుదారి సుమారు 34 కిలోమీటర్లు. బాపట్లకు నలుబది కిలోమీటర్లకు పైన. తెనాలిలో పియానో నేర్పగల ఉపాధ్యాయిని ఒకరు కలరనియు, ఆమెవద్ద నేర్చుకొనగోరు బాలికలు బాపట్లలో నొకరు, రేపల్లెలో నొకరు ఉన్నారనియు అనుకొందము. వారమునకు రెండుమారులు పిల్లను రైలెక్కించి తీసికొనిపోయి రాత్రికి ఇల్లు చేరుట ఎందరు తల్లులకు సాధ్యము? ఈ చిక్కును తీర్తుమని ముందుకు వచ్చినవే స్టార్టప్పులని పిలువబడు కొత్త వ్యాపారసంస్థలు. ఇవి గురువును శిష్యురాలిని ఇంటర్నెట్టు ద్వారా ఎదురెదురుగా కూర్చుండబెట్టి, పాఠమున కింతయని రుసుము పుచ్చుకొని, అందు కొంత గురువున కిచ్చును. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడిన నాటినుండి ఆన్‌లైన్ పాఠమనగా నేమో చిన్న ఊళ్లకును తెలిసినది. ఏర్పాటు చూచుటకు సులభముగనే యుండును. కష్టములు పాఠము మొదలైన పిదప బయటపడును.

దూరమునుండి సంగీతము నేర్పుట ఆకాశవాణికి కొత్త గాదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. అచ్చట వోలేటి వేంకటేశ్వర్లుగారు నిర్వహించిన ‘సంగీత శిక్షణ’ పాఠములను రసికులు నేటికిని వినుచున్నారు. రేడియో పాఠమున గురువు పాట శిష్యునకు వినబడును గాని, శిష్యుని తప్పు గురువునకు వినబడదు. ఇంటర్నెట్టు ఆ లోపమును దిద్దినది. ఇప్పుడు గురువు వినగలరు, చూడగలరు. ఒక్కటి మాత్రము చేయలేరు: శిష్యునితో కలసి వాయింపలేరు.

ఏల యందురా? గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పయనించును. పది మీటర్ల ఎడముగా కూర్చున్న ఇద్దరిలో ఒకరి స్వరము మరొకరిని చేరుటకు సెకనులో నూరింట మూడు వంతులు పట్టును. ఆ మాత్రపు ఆలస్యముతోనే తాళము జారు ప్రమాదము మొదలగును. ఇంటర్నెట్టులోనో, ధ్వనిని ముక్కలుచేసి, కుదించి, పంపి, ఆవల మరల కూర్పవలసియుండును. రానుపోను పావు సెకను పట్టుట అరుదు కాదు. నిమిషమునకు 120 దెబ్బల నడకలో ఒక్కొక్క దెబ్బ అర సెకను. అనగా శిష్యురాలు గురువు నడకను వినుచు సరిగనే వాయించినను, గురువు చెవికి సగము దెబ్బ వెనుకబడినట్లు తోచును. కావున ఈ పద్ధతిలో లయభారమును గురువు మోయరాదు. మెట్రోనోము అను తాళయంత్రము శిష్యురాలి గదిలోనే మ్రోగవలయును. గురువు వాయించి ఆగవలయును. ఆ పిదప శిష్యురాలు వాయింపవలయును. రేడియో పాఠమున గురువు పాడి విడిచిన విరామము వంటిదే ఇదియును.

రెండవ చిక్కు నాదమునకు సంబంధించినది. పెద్ద పియానోకు 88 మెట్లు. అట్టడుగు స్వరమునకు సెకనుకు 27.5 కంపనములు, పైకొన స్వరమునకు సుమారు 4186. చేతిలోని ఫోను చిన్న స్పీకరు ఆ మంద్రస్వరములను నిండుగ పలుకజాలదు. అంతకన్న వింత మరొకటి కలదు. సంభాషణకొరకు ఏర్పడిన ఈ సాధనములు ఫ్యాను చప్పుడువంటి నిలకడ ధ్వనిని రొదగా నెంచి తొలగించును. మెల్లగా సన్నగిల్లు పియానో స్వరపు చివరను గూడ రొదయే యని కోసివేయుట కలదు. ఈ తొలగింపును నిలిపివేయు వీలు కొన్ని సాధనములలో నున్నది. అది తెలియని గురువు, స్వరమును నిలుపుట లేదని పిల్లను మందలింతురు. పిల్ల నిలిపియే యుండును.

మూడవది చేతి బరువు. మన ప్రాంతమున నాటకములవలన, భజనలవలన హార్మోనియమును, చర్చిలవలన కీబోర్డును పిల్లలు ఎరుగుదురు. హార్మోనియమున ఒక చేయి తిత్తిని ఆడించును. నాదపు హెచ్చుతగ్గులు ఆ గాలిలో నుండును. 1700 ప్రాంతమున ఇటలీలో క్రిస్టొఫోరి నిర్మించిన పియానోలో అట్లు గాదు. మెట్టు నొక్కిన వేగమునుబట్టి లోపలి సుత్తి తీగను తాకును. రెండు చేతులకును సమానమైన పని యుండును. చౌకగా దొరకు కీబోర్డులు కొన్నింట ఎట్లు నొక్కినను నాద మొక్కతీరుననే యుండును. అట్టి వాద్యముపై ‘మెత్తగా వాయించు’ మను మాటకు అర్థము లేదు. ఎదుట నున్నచో గురువు మణికట్టును తాకి బిగువు సడలింతురు. తెరపై ముఖము కనబడును, మణికట్టు కనబడదు. ఫోనును ప్రక్కగా, చేతుల ఎత్తున నిలుపవలెనని మొదటి దినముననే చెప్పుట మేలు.

ఇక సంస్థ లెక్క పాఠముల సంఖ్యలో నుండును. గురువు ఇంట కూర్చుండి శిష్యురాలి అభ్యాసమును విను గంటకు రుసుము లేకున్న, ఆ గంట క్రమముగ మాయమగును. అప్పుడు నష్టపోవున దెవరు? తప్పు తీగలోనిదో, వాద్యములోనిదో తెలియని తల్లిదండ్రులు ‘మా పిల్లకు సంగీతము రాదు’ అని తీర్పు చెప్పుదురు. కీబోర్డు బీరువాపై కెక్కును. పదియేండ్ల పిల్ల ఆ తీర్పును జీవితాంతము నమ్మును.

దీనికి మార్గము లేకపోలేదు. శిష్యురాలు ఇంటివద్ద తీరికగా వాయించి, వీడియో తీసి పంపినచో, అందు దారిలో కలుగు ఆలస్యముతో పని లేదు. గురువు దానిని పలుమారులు వినవచ్చును. లండనులోని ఏబీఆర్ఎస్ఎం అను సంగీత పరీక్షాసంస్థ 2020లో ఇట్టి వీడియోలను విని శ్రేణి నిర్ణయించు పరీక్షలను ప్రవేశపెట్టినది. వీడియోలను విను గంటను గూడ సంస్థలు పాఠముగనే లెక్కింపవలయును. నెలకొకమారైనను గురుశిష్యులు ఒకే వాద్యముముందు కూర్చుండవలయును. రేపల్లె బండి తెనాలికి వచ్చుచునే యున్నది గదా! మిగిలిన దినముల పాఠమును తీగ మోయగలదు. ఆ ఒక్క దినమున గురువు చేయి పిల్ల మణికట్టును తాకినచో చాలును.