ఆవు పాలు బిగబట్టుటకు కారణము

పాలు పిదుకునపుడు ఆవు చేపనియెడల, దూడకై దాచుకొనుచున్నదని తలచి కొందఱు దానిని కొట్టుదురు. ఆవు తన యిచ్ఛచే పాలను దాచుకొనజాలదు. ఈ సంగతి తెలియమిచేతనే పెక్కిండ్లలో పాలు పొదుగుననే నిలిచిపోవుచున్నవి.

ఆవు చన్ను వట్టి తోలుగొట్టము కాదు. దాని గోడలో సన్నని కండరపు పోగులు నిలువుగను, అడ్డముగను అల్లుకొనియున్నవి. కొనయందలి సన్నని దారి ఇంచుమించు అర అంగుళము పొడవు. దాని చుట్టును ఇట్టి పోగులే, సంచి మూతికి కట్టిన త్రాడువలె, పాలు కారకుండ బిగించియుండును. వీనిని నునుపు కండరములందురు. కాలిని, మెడను కదల్చు కండరములవలె ఇవి పశువు ఇచ్ఛకు లోబడవు. వెన్నునుండి వచ్చు నరములు వీనిని నడపును. (నరమనగా నిచట నెత్తురు పాఱునది కాదు, తంతివలె వార్త గొనిపోవునది. తెనుగున రెంటికిని ఒకటే మాట వాడుటచే చెప్పవలసివచ్చినది.) ఆవు బెదరినపుడు ఈ నరముల కొనలనుండి యొక రసము వెలువడి చన్నును బిగించును. మూత్రపిండములకడ నున్న చిన్న గ్రంథులును అడ్రినలిన్ అను రసమును నెత్తుట విడిచి, పొదుగునకు పోవు రక్తనాళములను ముడుచును.

చేపుట వేఱు. చన్నును తాకిన వార్త మెదడు చేరగా, దాని క్రింది గ్రంథినుండి ఆక్సిటోసిన్ అను రసము నెత్తుటిలో కలిసి పొదుగునకు వచ్చి పాలతిత్తులను పిండును. ఇందులకు ఒకటి రెండు నిమిషములు పట్టును. దాని బలము కొలది నిమిషములే నిలుచును. 1941లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఈలీ, పీటర్సన్ అను వారు పొదుగున ఒక సగమునకు పోవు నరములను కోసి చూడగా, ఆ సగమును చేపినది. ఆవు వీపుపై పిల్లినుంచి, కాగితపు సంచులను ప్రేల్చి బెదరింపగా చేపుట ఆగిపోయినది. పిదప పిల్లి అక్కఱలేకపోయినదట, సంచులే చాలినవి!

కావున పాలు పిదుకుచోట కఱ్ఱ, కేకలు, క్రొత్త కుక్క ఉండరాదు. కొట్టినకొలది ఆ బిగువే హెచ్చును. మన నాటు ఆవులు పెక్కు దూడ ముట్టనిదే చేపవు. దూడను విడిచి, పొదుగును గోరువెచ్చని నీట కడిగి, నిమిషము తాళి, పిదప ఆపక ఆఱేడు నిమిషములలో ముగింపవలెను. కొన్ని ఆవుల చన్నులు పుట్టుకతోనే బిగువు; అవి బెదరినవని తలపరాదు. ఏ ఆవునకైనను చన్నులో పుల్ల, ఈక దూర్చుట మిక్కిలి హాని. లోపొర గాయపడి పొదుగువాపునకు త్రోవయగును.

పిదికిన పిమ్మట అరగంటకు పైగా ఆ కండరము వదులుగనే యుండి రంధ్రము తెఱచియుండును. అంతవఱకు ఆవు పేడలో పండుకొనకుండ, పిదికిన వెంటనే ముందు మేత వేయుడు.