బట్టతల మందు తలనూనె కాదు

మందుల దుకాణాలలో నేడు సులభంగా దొరికే మినాక్సిడిల్ ద్రావణం వేలూరు, గుడియాత్తం పట్టణాల నుండి మన సరిహద్దు గ్రామాల ఇళ్ళకు కూడా చేరింది. పెళ్ళి సంబంధాలు చూసే వయసులో నుదురు వెనక్కి జరుగుతుంటే యువకులు దిగులుపడటం సహజమే. అయితే ఈ సీసాకు గూటిలో కొబ్బరినూనె పక్కన చోటిచ్చి, నూనె వలెనే వాడటం ప్రమాదకరం.

మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. అమెరికాలో 1979లో తీవ్రమైన రక్తపోటుకు దానిని అనుమతించారు. మింగిన రోగులకు ఒంటిపై వెంట్రుకలు పెరగడం గమనించిన పిదప తలకు రాసే ద్రావణం తయారై, 1988లో అనుమతి పొందింది. రక్తనాళాలను వెడల్పు చేసే గుణం దానికి ఇప్పటికీ ఉన్నది. మోతాదు మించి ఒంటిలోకి చేరితే గుండె దడ, తల తిరగడం, పాదాల వాపు కలుగవచ్చు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా సీసా మూత తీయరాదు.

ఈ మందు వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకే ఉద్దేశించినది. పురుషులకు నుదుటి మూలలలోనూ నడినెత్తిలోనూ, స్త్రీలకు పాపిడి వెడల్పవుతూ జుట్టు పలచబడుతుంది. గుండ్రని మచ్చలుగా రాలే పేనుకొరుకుడు వేరు. కాన్పు తరువాతనో, టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తరువాతనో రెండు మూడు నెలలకు గుప్పెళ్ళుగా రాలే జుట్టు చాలామందికి దానంతటదే తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా కారణం కావచ్చు. కనుక ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, వేలూరు సి.ఎం.సి. చర్మవ్యాధుల విభాగంలోగాని చూపించుకొనుట మేలు. తిరుమలలో తలనీలాలు ఇచ్చినవారు గాట్లు మానేవరకు మందు రాయరాదు. గాయం గుండా అది ఎక్కువగా లోనికి పోతుంది. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. కత్తి కుదురును తాకదు కదా!

సాధారణంగా పురుషులకు 5 శాతం, స్త్రీలకు 2 శాతం ద్రావణం సూచిస్తారు. తల, జుట్టు పూర్తిగా ఆరిన తరువాత ఉదయం 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. పలచబడిన చోట చర్మానికి అంటేటట్లు రాసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నాలుగు గంటలు తల తడపరాదు. రెట్టింపు రాస్తే ఫలితం రెట్టింపు కాదు, కీడే పెరుగుతుంది. తొలి వారాలలో జుట్టు మరింత రాలవచ్చు. పాత వెంట్రుకలు తొలగి కొత్తవి మొదలయ్యే దశ అది. చాలామంది ఇక్కడే బెదిరి మానేస్తారు. ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. మానివేసిన కొద్ది నెలలకు వచ్చిన జుట్టు పోతుంది. ఏళ్ళ తరబడి అయ్యే ఖర్చును ముందే లెక్క చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ళలోపు వారికి ఇది తగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంటిలోని పసిబిడ్డల సంగతి. స్పెయిన్ దేశంలోని నవార్రా ప్రాంతంలో ఒక శిశువు ఒంటిపై అసాధారణంగా వెంట్రుకలు పెరిగిన వైనాన్ని అక్కడి ఔషధ పర్యవేక్షణ కేంద్రం 2023లో వెల్లడించింది. తండ్రి ఈ మందు వాడుతుండేవాడు; బిడ్డకు ఆ తాకిడి తప్పించాక వెంట్రుకలు తగ్గిపోయాయి. ఐరోపా ఔషధ సంస్థ కూడా 2024లో దీనిపై హెచ్చరిక చేసింది. బిడ్డను భుజాన వేసుకొని తిరగడం, ఒకే చాపపై పడుకోవడం మన ఇళ్ళలో నిత్యకృత్యం. కనుక పడకకు రెండు గంటల ముందే రాసుకొని, తలదిండు వేరుగా ఉంచుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు వాడరాదు. ఫినాస్టరైడ్ కూడా కలిపిన సీసాలు వస్తున్నాయి. అది గర్భంలోని మగశిశువుకు హాని చేయగలదు గనుక గర్భిణి ఆ సీసాను అసలు ముట్టకూడదు. పెంపుడు పిల్లి కొద్దిగా నాకినా చనిపోవచ్చు.

ఈ ద్రావణంలో ఆల్కహాలు ఉంటుంది. గుడియాత్తం చుట్టుపక్కల అగ్గిపెట్టెల పనికి వెళ్ళేవారు, పొయ్యి దగ్గర ఉండేవారు, బీడీ ముట్టించేవారు తల పూర్తిగా ఆరేవరకు నిప్పుకు దూరంగా ఉండాలి.

దురద, పొలుసులు ఎక్కువైతే మందు ఆపి వైద్యుని సంప్రదించాలి. ఛాతీ నొప్పి, దడ, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పిల్లవాడు సీసా తాగినట్లయితే వాంతి చేయించే ప్రయత్నం మాని, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. అంబులెన్సుకు సరిహద్దుకు ఇటైనా అటైనా 108 నంబరే.