ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లలకు



మా ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో, మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్ళడాన్ని సుగ్గికి పోవడం అంటారు. పెద్దవాళ్ళతో పిల్లలూ పోతారు. తిరిగి వచ్చేసరికి బళ్ళో ఒత్తుల పాఠాలు అయిపోయి ఉంటాయి. అలా వచ్చిన పాప ఒకతె మా వీధిలో ఉంది. అక్షరాలు వచ్చు, గుణింతం వచ్చు. ‘పత్తి’ చూపిస్తే మాత్రం ‘పతి’ అంటుంది. ఆదోని మార్కెట్టుకు పోయే పత్తి బండ్లను రోజూ చూసే పిల్లే, పాపం! ఇట్లా ఒత్తు దగ్గర ఆగినవాళ్ళు పై తరగతిలో పుస్తకం తెరవడానికే జంకుతారు. ఆపైన బడే వద్దంటారు.

ఆ పాపకు నేను మెరుపు అట్టలతో చెప్పాను. ఫ్లాష్ కార్డులంటారే, అవే. కొననక్కరలేదు. పాత శుభలేఖల వెనుకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని కత్తిరించి పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. బొమ్మ మాత్రం వేయకండి. బొమ్మ ఉంటే పిల్లలు బొమ్మనే చదువుతారు!

మొదట నేనూ పొరపాటు చేశాను. క ఒత్తు మొదలుకొని వరసగా 30 అట్టలు రాసి, అదే వరసలో చూపించాను. నాలుగు రోజుల్లో గడగడా అప్పజెప్పింది. పేకముక్కల్లా కలిపి చూపిస్తే ఒక్కటీ రాలేదు. పాప నేర్చింది వరస, ఒత్తులు కావు.

అప్పుడు గమనించాను. గ, డ, ద లాంటివాటి ఒత్తు అంటే తలకట్టు తీసేసిన ఆ అక్షరమే. మగ్గం, గడ్డి, ముద్ద పిల్లలకు తొందరగానే వస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే లేదు. ఎక్కువ రోజులు వీటికే ఇవ్వాలి. అట్ట మీద ‘పత్తి’ రాసి, ఒత్తును వేలితో మూసి చదివించండి. వేలు తీసి మళ్ళీ చదివించండి. తల్లి, వెన్న, అమ్మ, అన్నీ అంతే. మన ఊరి పేరులోనే మ ఒత్తు ఉంది. బస్సు బోర్డు మీద చూపించండి.

ఇక అరుదుగా వచ్చేవి. బళ్ళో రోజూ తినేది మధ్యాహ్న భోజనం. 2003 నుంచి మన రాష్ట్రంలో ఉన్నదే. నోటితో ‘మద్యాన్నం’ అంటాం, రాతలో హ కింద న ఒత్తు. చిహ్నం, బ్రహ్మ కూడా అంతే. జ్ఞానం, కృష్ణ సంగతి చెప్పనే అక్కరలేదు. ఇవి చెవితో వినీ వినీ వచ్చేవి కావు. ‘నోట ఒకటమ్మా, రాతలో ఒకటి’ అని ముందే చెప్పేయండి. ఒకే కుటుంబం మాటల్ని ఒకే అట్ట మీద రాయండి. రాసినట్టే సాగదీసి ‘మధ్యాహ్... నం’ అని పలికించండి. పిల్లలు నవ్వుతారు. నవ్విన మాట మరిచిపోరు.

మరొక సంగతి. ఆదోని ప్రాంతం 1953 దాకా బళ్ళారి జిల్లాలోది. కన్నడం చదివే అవ్వలు ఇళ్ళలో ఉన్నారు. కన్నడ ఒత్తులు దాదాపు మనవే కాబట్టి అట్టలు అవ్వ చేతికివ్వండి. ఒక్క చోట జాగ్రత్త. ‘కర్నూలు’లో మనం ర రాసి కింద న ఒత్తు ఇస్తాం. వాళ్ళు న రాసి పక్కన ర గుర్తు పెడతారు. మన పాత పుస్తకాల్లోనూ ఇది ఉండేది, వలపలగిలక అనేవారు. ఆ అట్ట మటుకు మీరే చెప్పండి.

రోజుకు తెలిసినవి ఐదు, కొత్తది ఒకటి. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా అయిపోతుంది. తప్పినది మర్నాడే మళ్ళీ చూపాలి, వచ్చినది వారానికి చూపినా చాలు. అట్ట వచ్చిందని ఊరుకోక, అదే మాట ఉన్న వాక్యం ఒకటి పుస్తకంలో చదివించాలి.

మొన్న సుగ్గికి పోతూ ఆ పాప అట్టలకు రబ్బరు బ్యాండు వేసి సద్దిమూట పక్కన పెట్టుకుంది. జ్ఞ దగ్గర మాత్రం ఇంకా తడబడుతూనే ఉంది.