కప్పులో ఉన్నది ఐస్‌క్రీమేనా?

హైదరాబాద్: ఎండ తగ్గి చీకటి పడగానే వీధి చివరి ఐస్‌క్రీం దుకాణం ముందు ద్విచక్ర వాహనాలు బారులు తీరుతాయి. భోజనం ముగించుకుని కుటుంబాలకు కుటుంబాలే సరదాగా నడిచి వస్తాయి. పిల్లలు ఫ్రీజర్ అద్దంపై ముఖాలు ఆనించి, బొమ్మ చూసి కప్పును ఎంచుకుంటారు. పెద్దలు ధర చూస్తారు. కప్పును తిప్పి పక్కనున్న సన్నని అక్షరాలను చదివేవారు అరుదు. అసలు సంగతి అక్కడే ఉంటుంది. ఒకే రంగులో పక్కపక్కనే ఉన్న రెండు కప్పుల్లో ఒకదానిపై 'ఐస్‌క్రీం' అని, మరోదానిపై 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ముద్రించి ఉండవచ్చు. ఈ రెండూ ఒకటి కావు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నిబంధనల ప్రకారం ఐస్‌క్రీంలోని కొవ్వు పాల నుంచి వచ్చినదై ఉండాలి. సాధారణ ఐస్‌క్రీంలో పాల కొవ్వు కనీసం 10 శాతం, పాల మాంసకృత్తులు కనీసం 3.5 శాతం ఉండాలి. కొవ్వు తగ్గించి తయారుచేస్తే ఆ విషయాన్ని పేరులోనే తెలపాలి. ఫ్రోజెన్ డెజర్ట్‌లో పాల కొవ్వుకు బదులుగా పామాయిల్ వంటి నూనెలు వాడవచ్చు. అందులోనూ పాలపొడి కలుపుతారు కనుక రుచిలో తేడా వెంటనే తెలియదు. వెన్న కన్నా నూనె చౌక కాబట్టి తయారీ ఖర్చు తగ్గుతుంది. దీన్ని అమ్మడం నేరం కాదు. ఇదేమీ విషం కూడా కాదు. అయితే పాలతో చేసినదన్న నమ్మకంతో పిల్లలకు కొనిపెట్టే తల్లిదండ్రులు తాము దేనికి డబ్బు చెల్లిస్తున్నారో తెలుసుకోవాలి కదా!

ఈ తేడాపై పెద్ద సంస్థలే న్యాయస్థానానికెక్కాయి. రెండింటి మధ్య తేడాను చూపుతూ అమూల్ 2017లో టీవీ ప్రకటనలు ఇవ్వగా, అప్పట్లో క్వాలిటీ వాల్స్ పేరుతో ఫ్రోజెన్ డెజర్ట్‌లు విక్రయించిన హిందుస్థాన్ యూనీలీవర్ బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. ఆ ప్రకటనలను నిలిపివేయాలని అదే ఏడాది కోర్టు ఆదేశించింది. ప్రకటనలు ఆగినా, రెండు పదార్థాల మధ్య తేడా మాత్రం నిబంధనల్లో ఎప్పటిలాగే ఉంది.

కోన్‌లో వేసి ఇచ్చే దానికి లేబుల్ ఉండదు. కానీ దుకాణదారు దాన్ని తీసే పెద్ద డబ్బాకు ఉంటుంది. చూపమని అడిగేందుకు మొహమాటపడనవసరం లేదు.

సగం గాలే

ఐస్‌క్రీంను మిల్లీలీటర్లలో అమ్ముతారు. లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగాలన్నది నిబంధన. అంటే 100 మిల్లీలీటర్ల కప్పులో సుమారు 53 గ్రాముల పదార్థం ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. మిగిలినది గాలి. ఇది మోసం కాదు, తయారీలో భాగం. పాల మిశ్రమాన్ని గడ్డకట్టిస్తూ యంత్రంతో గిలకొట్టినప్పుడు సన్నని గాలి బుడగలు చేరి మెత్తదనం వస్తుంది. గాలి అసలు లేకపోతే చెంచా దిగని గడ్డే మిగులుతుంది. ఎంత గాలి అన్నదే ప్రశ్న. రెండు కంపెనీల డబ్బాలు ఒకే పరిమాణంలో ఉన్నా, చేతిలోకి తీసుకుంటే ఒకటి బరువుగా, మరొకటి తేలికగా అనిపించడానికి కారణమిదే. లేబుల్‌పై గ్రాములు కూడా ఉంటే వాటినే పోల్చి చూసుకోవడం మేలు.

యంత్రాలు రాకముందు ఈ గిలకొట్టే పనిని చేతితోనే చేసేవారు. హైదరాబాద్‌లోని మోజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం దుకాణాలకు ఆ పద్ధతే పేరు తెచ్చింది. ఏడో నిజాం కాలంలో 1935లో నిర్మించిన ఈ రాతి కట్టడాన్ని 2020లో పునరుద్ధరించారు. ఆరుబయట కుర్చీల్లో కూర్చుని వేసవిలో మామిడి, వానలు వెనుదిరిగాక సీతాఫలం ఐస్‌క్రీం తినడం నగరంలో ఎన్నో కుటుంబాలకు అలవాటు. చేతి పద్ధతిలో పాలు పోసిన లోహపు పాత్రను బకెట్‌లో నిలబెట్టి, చుట్టూ మంచు ముక్కలు, కల్లుప్పు నింపి తిప్పుతారు. ఉప్పు తగిలిన మంచు సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని పాల నుంచే లాక్కుంటుంది. దాంతో పాలు గడ్డకడతాయి. చేతితో తిప్పే వేగానికి గాలి అంతగా చేరదు కనుక ఐస్‌క్రీం చిక్కగా, బరువుగా ఉంటుంది.

కరిగి మళ్లీ గడ్డకడితే

ఐస్‌క్రీంను మైనస్ 18 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. కరెంటు పోయినప్పుడో, రాత్రిళ్లు ఫ్రీజర్ కట్టేసినప్పుడో అది కరిగి, తర్వాత మళ్లీ గడ్డకడుతుంది. అలాంటిది నాలుకకు ఇసుకలా తగులుతుంది. మూత లోపల మంచు పేరుకోవడం, కోన్ మెత్తబడటం, కప్పులో ఒకవైపు కుంగి ఉండటం దీని గుర్తులు. రుచి చెడటం ఒక్కటే సమస్య కాదు. గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు, నిద్రాణంగా ఉంటాయంతే. కరిగిన సమయంలో మళ్లీ పెరుగుతాయి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఇటువంటి కప్పును తిరిగి ఇచ్చేయడమే సరి. బండిపై అమ్మే పుల్ల ఐసులో పాలు లేకపోయినా, ఏ నీటితో చేశారన్నది ముఖ్యం.

ఇక ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీంపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ప్యాక్‌పై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. 'కూలింగ్ చార్జీ' పేరిట దానిపై అదనంగా తీసుకోవడం తూనికలు, కొలతల నిబంధనలకు విరుద్ధం. 2022 జనవరి నుంచి ఆహార దుకాణాల బిల్లుపై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల సంఖ్య ఉండటం తప్పనిసరి. అధిక ధర వసూలు చేసినా, నాణ్యత లేని సరకు అంటగట్టినా బిల్లును, కప్పును భద్రపరచి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.