ఉత్తర్వుకు గణితం కాపలా

మూసీ నది దక్షిణపు గట్టున, నయాపూల్ చెంత నెలకొన్న హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. ఈ న్యాయస్థానంలో న్యాయవాదిగానూ, 2000 నుండి 2013 వరకు న్యాయమూర్తిగానూ పనిచేసిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ సంవత్సరం జూలై 8న సుప్రీంకోర్టు ఆగ్రా సెంట్రల్ జైలులోని 13 మందికి బెయిలు మంజూరు చేసింది. ఉత్తర్వు ప్రతి తపాలాలో అందలేదన్న కారణంతో వారిని వెంటనే విడుదల చేయలేదు. జస్టిస్ రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జైళ్లకు పంపే ‘ఫాస్టర్’ వ్యవస్థ 2022 మార్చి 31న ప్రారంభమైంది.

వేగం సరే, భద్రత మాటేమిటి? ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను నిర్మించడానికి ముందే దాని నడతను గణిత భాషలో వ్రాసి పరీక్షించే పద్ధతిని ఫార్మల్ మోడలింగ్ అంటారు. ముందుగా వ్యవస్థలోని ప్రతి భాగానికీ ఉండదగిన స్థితులను నిర్ణయిస్తారు. పిదప ఎన్నడూ తప్పరాని నియమాలను చేరుస్తారు. ‘అమలులో ఉన్న ఉత్తర్వు లేనిదే విడుదల జరుగరాదు’ అన్నది అట్టి నియమం. ఒక్కొక్కటి 5 స్థితులలో ఉండగల 10 భాగాలుంటే మొత్తం కలయికలు 97,65,625. మనిషి వీటన్నింటినీ ఊహించలేడు. తనిఖీ యంత్రం ఒక్కటైనా విడువక చూస్తుంది.

ఒక ఊహాత్మక సందర్భాన్ని పరిశీలిద్దాం. బెయిలు ఉత్తర్వు బయలుదేరింది. కొద్దిసేపటికే దానిని రద్దు చేస్తూ మరొకటి వెళ్లింది. మొదటిది దారిలో ఆలస్యమై, రద్దు ముందుగా చేరింది. రద్దు చేయడానికి ఏ ఉత్తర్వూ లేదని జైలు కంప్యూటర్ దానిని త్రోసిపుచ్చింది. తరువాత బెయిలు ఉత్తర్వు అందగా తలుపు తెరిచింది! ఇక్కడ మోసగాడెవడూ లేడు, చెడిపోయిన యంత్రమూ లేదు. మామూలు పరీక్షలలో ఈ వరుస కంటబడడం అరుదు. నమూనా మాత్రం అడుగడుగునా దీనిని చూపుతుంది. ఉత్తర్వులకు వరుస సంఖ్యలు వేసి, ముందుగా వచ్చిన రద్దును భద్రపరిస్తే దోషం తొలగుతుంది.

నిపుణులు కూడా ఇట్టి దోషాలను గమనించలేకపోయిన సందర్భాలున్నాయి. నీడ్‌హామ్, ష్రోడర్ 1978లో ప్రకటించిన గుర్తింపు పద్ధతి చూడడానికి ఎంతో చిన్నది. అందులోని లోపాన్ని గావిన్ లో బయటపెట్టింది 17 సంవత్సరాల తరువాత, 1995లో. మరుసటి ఏడాది ఆయన దానిని ఎఫ్.డి.ఆర్. అనే తనిఖీ సాధనంతో నిరూపించాడు. రెండవ సందేశంలో పంపినవారి పేరు చేర్చడమే అందుకు విరుగుడు.

జరిగినది తరువాత నిగ్గుతేల్చడానికి చిట్టా కావాలి. చిట్టాలోని ప్రతి పద్దులోనూ దాని ముందరి పద్దు నుండి లెక్కకట్టిన ముద్రను ఉంచుతారు. నడుమ ఒక్క అక్షరం మార్చినా ఆపై ముద్రలు సరిపోవు. చివరి ముద్ర ప్రతిని వేరొక కార్యాలయంలో ఉంచకపోతే మాత్రం చిట్టా మొత్తాన్నీ తిరగవ్రాయవచ్చు.

అయితే నమూనాలో వ్రాయనిదానిని యంత్రం పరీక్షించదు. అధికారి తన పాస్‌వర్డును ఎవరికీ చెప్పడని అందులో అనుకుంటే, చెప్పిననాడు ఏమి జరుగుతుందో అది తెలుపదు.