కొండమీద జాక్... తిరిగేది మాత్రం జిల్!

మైకేల్ కెయిన్ నటించిన 'ది బ్లాక్ విండ్‌మిల్' చూసినవారికి ఆ క్లైమాక్స్ గుర్తుండే ఉంటుంది. హీరో గూఢచారి. కొడుకుని దుండగులు ఎత్తుకుపోతారు. సొంత డిపార్టుమెంటే అతణ్ణి అనుమానిస్తుంది. ఆఖరికి పిల్లవాణ్ణి దాచిన చోటు కనిపెట్టి వెళితే... కొండమీద నల్లటి గాలిమర! 1974లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు డాన్ సీగెల్. 'డర్టీ హ్యారీ' తీసినాయనే. నన్నడిగితే కథ నడకలో కాస్త నీరసం ఉంది. కానీ ఆ గాలిమర మాత్రం ఏళ్ళ తరబడి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంగ్లండు వెళ్ళే అవకాశం రాగానే, ముందు దాన్ని చూసి తీరాలనుకున్నాను.

లండన్ విక్టోరియా స్టేషన్‌లో బ్రైటన్ వైపు వెళ్ళే రైలెక్కి హాసక్స్ అనే చిన్న స్టేషన్‌లో దిగాను. అక్కణ్ణించి క్లేటన్ గ్రామం మీదుగా నడక. దారిలో రైలు సొరంగం ముఖద్వారం కనిపిస్తుంది. అచ్చం కోట బురుజులే! ఏ జానపద చిత్రానికో వేసిన సెట్టింగు అనుకున్నా తప్పులేదు. అది దాటాక సౌత్ డౌన్స్ కొండలు. కొండలంటే మన తిరుమల కొండల్లాంటివి కావు. పచ్చటి దుప్పటి పరిచినట్టు నున్నగా ఉంటాయి. అయినా ఎక్కేసరికి ఆయాసం వచ్చిందనుకోండి!

పైన ఒకటి కాదు, రెండు గాలిమరలు. పేర్లు జాక్, జిల్. కాన్వెంటు పిల్లలందరికీ నోటికొచ్చిన పాటలో కొండెక్కిన జంట వీళ్ళే.

సినిమాలో మనం చూసింది జాక్‌ని. 1866లో ఇటుకలతో కట్టిన బురుజు. 1973లో షూటింగ్ కోసం చిత్ర నిర్మాతలే దీనికి కొత్త రెక్కలు పెట్టించారట. అంటే మన హీరోగారిది మేకప్ అన్నమాట! తీరా చూస్తే జాక్ ప్రైవేటు ఆస్తి. లోపలికి పోనివ్వరు. ఇంత దూరం వచ్చింది బయటినుంచి గోడ చూసి పోవడానికా అని ఉసూరుమన్నాను.

పక్కనే తెల్లగా జిల్. తలుపు తీసే ఉంది. వేసవి నెలల్లో ఆదివారం మధ్యాహ్నాలు దీన్ని జనానికి చూపిస్తారు. టిక్కెట్టు లేదు. చూపించేవాళ్ళు జీతగాళ్ళు కారు, గాలిమర మీద మమకారంతో వచ్చే స్థానికులు.

జిల్ పుట్టింది ఇక్కడ కాదు. 1821లో బ్రైటన్‌లో కట్టారు. 1852లో ఎద్దుల్నీ గుర్రాల్నీ కట్టి ఈ కొండమీదికి లాక్కొచ్చారు. ఇంత కట్టడాన్ని ఎద్దులు కొండెక్కించడమేమిటని ఆశ్చర్యపోకండి. ఇది మొత్తం కొయ్యదే. మన గుడిసెకి నిట్రాడు ఉంటుంది చూడండి, అలాంటి ఒకే ఒక్క పెద్ద స్తంభం మీద గది మొత్తం నిలబడి ఉంటుంది. గాలి ఎటు వీస్తే అటు గది గదంతా తిరుగుతుంది! తిప్పేది మనిషి కాదు. వెనకవైపు మెట్ల దగ్గర చిన్న రెక్కల చక్రం ఉంది. గాలి దిశ మారితే ఆ చక్రం తిరిగి, కింది బండి చక్రాల్ని నడిపి, జిల్ ముఖాన్ని గాలికి ఎదురుగా పెడుతుంది.

అంతా బాగానే ఉంది. అసలు గాలే లేదు! రెండు గంటలయింది. నాలుగు రెక్కలూ కదలవు. ఇవాళ తిరుగుతుందా అని లోపలున్న పెద్దాయన్ని అడిగితే ఆకాశంకేసి చూసి ఊరుకున్నారు. ఈలోగా రాళ్ళు చూపిస్తానన్నారు.

సూత్రం మన తిరగలిదే. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. మనవాళ్ళు తిరగలికి కక్కు కొట్టించినట్టే వీటికీ అప్పుడప్పుడు గాళ్ళు చెక్కాలి. రెండు రాళ్ళూ ఒకదానికొకటి తగలకూడదు. కాగితం పట్టేంత సందు ఉండాలి. పైన తొట్టిలోంచి గోధుమలు జారడానికి ఒక ఇనప కడ్డీ టకటకా కొడుతూ ఉంటుంది. దాన్ని ఇక్కడివాళ్ళు 'డామ్‌సెల్' అంటారు, అంటే కన్నెపిల్ల. ఎప్పుడూ వాగుతూనే ఉంటుందని ఆ పేరట! పేరు పెట్టినవాడు మగవాడే అయివుంటాడు.

1906 ప్రాంతంలో జిల్ పని ఆగిపోయింది. తరవాత తుఫానులకి రెక్కలు పోయాయి. 1978లో కొందరు పూనుకుని బాగుచేయడం మొదలెట్టారు. ఎనిమిదేళ్ళు పట్టింది. 1986లో మళ్ళీ పిండి రాలింది. సినిమా అయితే ఇక్కడ 'శుభం' కార్డు పడేది.

మరుసటి ఏడాదే, 1987 అక్టోబరులో, దక్షిణ ఇంగ్లండు మీద పెనుతుఫాను విరుచుకుపడింది. ఆ రాత్రి జిల్‌కి బ్రేకు వేసే ఉంది. అయినా రెక్కలు ఆగలేదు. బ్రేకుని ఒరుసుకుంటూ తిరిగాయి. కొయ్యకీ కొయ్యకీ రాపిడి... నిప్పంటుకుంది! ఆ గాలిలో, ఆ చీకట్లో సంఘ సభ్యులే వచ్చి మంటలార్పి మరని దక్కించుకున్నారు. పెద్దాయన ఇది చెబుతూ ఆ బ్రేకు చక్రం మీద చెయ్యి వేసి ఉంచారు. ఫిల్ము రీళ్ళలో ఎక్కడా లేని క్లైమాక్స్ ఇది. తీయడానికి కెమెరా లేకపోయిందంతే!

మూడున్నర దాటాక గడ్డి కదిలింది. ఒకావిడ గబగబా వెళ్ళి బ్రేకు వదిలారు. రెక్కలకి కిటికీ తలుపుల్లా పలకలుంటాయి. అవి మూసుకున్నాయి. ఒక రెక్క కిందికి దిగింది... ఇంకొకటి... మా కాళ్ళ కింద గది మొత్తం పడవలా ఊగింది! పళ్ళచక్రాల గుర్రుశబ్దం, కన్నెపిల్ల టకటక. కింది గొట్టంలోంచి పిండి రాలుతోంది. చెయ్యి పెడితే గోరువెచ్చన. చిన్నప్పుడు పిండిమర దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డప్పటి వాసనే.

అక్కడ ఆ పిండి అమ్ముతారు. ఒక సంచీ కొన్నాను. లండన్‌లో మిత్రుడి భార్య పుల్కాలు చేశారు. కాస్త ముతకగా ఉన్నా రుచిగానే ఉన్నాయి. తింటూ ఫోన్లో ఫోటోలు చూపిస్తుంటే మావాడు అడిగాడు, సినిమాలో గాలిమర ఏదిరా అని. వెతికితే ఒక్కటే దొరికింది, అదీ జిల్ రెక్క వెనకాల సగం!