తవుడు మీది బూజు

చద్దిమెతుకులపై బూజు గనిన యిల్లాలు దానిని పెంటపై పాఱవేయును. జపాను దేశమున మాత్రము ఆవిరిపై ఉడికించిన బియ్యముపై ఒక బూజును తరతరములుగా కోరి పెంచుచున్నారు. దాని పేరు కోజి. బియ్యములోని పిండిని చక్కెరగా మార్చుట దాని పని. ఆ చక్కెరయే పులిసి 'సాకే' యను మద్యమగును.

శిలీంధ్రమునకు నోరు లేదు, కడుపు లేదు. అది తన ఎంజైములను వెలుపలికి స్రవించి, ఆహారమును బయటనే జీర్ణము చేసి, కరగిన సారమును పీల్చుకొనును. మనకు కావలసినది ఆ వెలుపలికి వచ్చిన రసమే.

1854లో జన్మించిన తకామినె జోకిచి యను రసాయన శాస్త్రజ్ఞునకు ఈ విద్య మాతామహుల యింటి సొత్తు. వారు సాకే తయారుచేయువారు. అతడు గ్లాస్గోలో చదివి, 1890లో అమెరికాకు పోయెను. అచ్చట విస్కీకై బార్లీగింజలను దినముల తరబడి మొలకెత్తించి మాల్టు చేయుచుండిరి. తకామినె బార్లీని, బియ్యమును గూడ విడిచి, పిండిమరలలో మిగిలిన గోధుమ తవుడును చేపట్టెను. అతని బుద్ధిసూక్ష్మత నాకిచ్చటనే గోచరించును. తవుడును ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, బూజు బీజములు చల్లి, పలుచగా పఱచినచో ఇంచుమించు రెండు దినములలో పంట చేతికి వచ్చును. కాని పెరుగుచున్న శిలీంధ్రము వేడిని పుట్టించును. మందముగా పోసినచో నడిమి భాగము తన వేడికి తానే చచ్చును. గాలియు, తేమయు, వేడియు తగుపాళ్ళలో నిలుపుటయే కష్టమంతయు.

మాల్టు వర్తకులకిది కంటగింపయ్యెను. తమ పొట్టకొట్టు విద్యను ఎవరు స్వాగతింతురు? 1891లో పియోరియా నగరమందలి కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. ఎవరో కావలెనని నిప్పు పెట్టిరను అనుమానము వ్యాపించెను.

విస్కీ ప్రయత్నము ఫలింపలేదు. అంతట తకామినె బూజుపట్టిన తవుడును నీటితో కడిగి, ఆ నీటిలో ఆల్కహాలు కలిపి, అడుగునకు దిగిన ఎంజైమును ఆరబెట్టి పొడి చేసెను. 1894లో దానికి అమెరికా పేటెంటు లభించెను. పార్క్ డేవిస్ సంస్థ దానిని 'టాకా-డయాస్టేజు' అను పేర అజీర్ణమునకు మందుగా అమ్మెను. నత్సుమే సోసెకి రచించిన 'నేను పిల్లిని' నవలలో కడుపునొప్పితో తీసుకొను బడిపంతులు మ్రింగునది ఈ మందే. ఉపాధ్యాయ పాఠకులు మన్నింతురుగాక!

తవుడులో పిండి కలదు గనుక కోజికి అది సులభాహారము. వరిగడ్డి అట్టిది కాదు. అందలి సెల్యులోజును ఛేదించుటకు వేఱొక ఎంజైము కావలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సోలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు కాన్వాసును కుళ్ళజేసిన శిలీంధ్రము ఆ పనికి దొరకెను. నేడు దానిని ట్రైకోడెర్మా రీసీ యందురు. కృష్ణా, గోదావరి డెల్టాలలో కోతల పిమ్మట మిగులు గడ్డియు దాని ఎంజైమునకు లొంగునదే. అయితే సెల్యులోజును లిగ్నిను కోటగోడవలె చుట్టుకొనియుండును. ముందుగా ఆవిరితోనో ఆమ్లముతోనో ఆ గోడను సడలింపవలెను; అందులకగు ఖర్చే నేటికిని చిక్కు.